స్టాండర్డ్ ఎంఎల్లా, ఓకామెల్లా?

మద్దిలపాలెంలో మా రూమ్‌కొచ్చే జూనియర్ అడిగాడు: "అన్నా, ఈ రెండు ప్రోగ్రామింగ్ భాషల్లో ఏది నేర్చుకోను?"

రెండూ ఒక తల్లి బిడ్డలే. 1970లలో ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్ బృందం సిద్ధాంతాల నిరూపణ కోసం తయారుచేసిన ఎంఎల్ నుంచి పుట్టాయి. స్టాండర్డ్ ఎంఎల్‌కి 1990లో పక్కా నిర్వచనం రాశారు, 1997లో సవరించారు. భాషంతా ఆ ఒక్క పుస్తకంలో ఉంటుంది. నాకు అదంటే ఎంతో ఇష్టం. ఫ్రాన్స్‌లో ఇన్‌రియా అనే పరిశోధన సంస్థ 1996లో తెచ్చిన ఓకామెల్ ఇంకా ఎదుగుతూనే ఉంది.

తేడా చూడాలంటే 1.5 + 2.5 కొట్టండి. స్టాండర్డ్ ఎంఎల్ 4.0 ఇస్తుంది. ఓకామెల్ ఒప్పుకోదు. దశాంశాలకు ప్లస్ పక్కన చుక్క పెట్టాలి: 1.5 +. 2.5. మావాడికి అక్కడే టెన్షన్.

అయినా ఓకామెల్‌తోనే మొదలుపెట్టమన్నాను. లైబ్రరీలు ఎక్కువ, కంపెనీల్లోనూ వాడుతున్నారు.