కార్యకర్తలను పెంచడమా, ఉపాధ్యాయులకు శిక్షణనివ్వడమా?

తమ శరీరాకృతి పట్ల పిల్లల్లో సదభిప్రాయం పెంచే చిన్న సేవాసంస్థ విస్తరించదలిస్తే, తన కార్యకర్తలనే మరిన్ని బడులకు పంపడం ఒక మార్గం, ఆయా బడుల ఉపాధ్యాయులకే శిక్షణనిచ్చి పాఠాలు వారికి అప్పగించడం రెండో మార్గం. మొదటిదానిలో నాణ్యత సంస్థ చేతిలోనే ఉంటుంది. అయితే బడుల సంఖ్య రెట్టింపైతే ఖర్చూ దాదాపు రెట్టింపవుతుంది.

రెండోదానిలో ఖర్చు తక్కువే గాని, పాఠం పలచబడే ప్రమాదం ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ స్టైస్ రూపొందించిన బాడీ ప్రాజెక్ట్ వంటి కార్యక్రమాలు 1957లో లియాన్ ఫెస్టింగర్ ప్రతిపాదించిన అభిజ్ఞా వైరుధ్య సిద్ధాంతంపై (మాటకూ నమ్మకానికీ పొంతన కుదరకపోతే మనసు ఇబ్బందిపడి నమ్మకాన్ని మార్చుకోజూస్తుందన్నది దాని సారం) ఆధారపడ్డాయి: సన్నగా ఉండడమే అందమన్న భావనను అందులో పాల్గొనేవారు తమ నోటితోనే ఖండించాలి. శిక్షణ చాలని ఉపాధ్యాయుడు ఆ ఖండనను తానే చదివి వినిపిస్తే, పిల్లలు దాన్ని నోటుపుస్తకంలో ఎక్కించుకోవడంతో సరి. అయినా, పాఠం ముగిసిన మరునాడే వ్యాయామ తరగతిలో అందరి ముందూ బరువు తూచి అంకెను బిగ్గరగా చదివితే చెప్పినదంతా నీరుగారిపోతుంది. దాన్ని ఆపగలిగేది రోజూ బడిలో ఉండే ఉపాధ్యాయుడే గాని, ఏడాదికొకసారి వచ్చే అతిథి కాదు.

అందుకే నా మొగ్గు రెండో మార్గం వైపే, కాకపోతే ప్రతి ఉపాధ్యాయుని తొలి పాఠానికీ సంస్థ కార్యకర్త ఒకరు వెనుక బెంచీలో కూర్చోవాలన్న షరతుతో.