ఎన్‌కౌంటర్ మరణాలపై జాతీయ మానవ హక్కుల కమిషన్ ఫిర్యాదు సేవ: ఐదుకు రెండున్నర

ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తెలుగులో రాసినా తీసుకుంటారు. మల్కన్‌గిరి జిల్లా మోటులోనో, గడ్చిరోలి జిల్లా సిరోంచాలోనో ఉన్న తెలుగు కుటుంబానికి ఈ మూడూ చిన్న విషయాలు కావు. హెచ్ఆర్‌సీనెట్ పోర్టల్‌లోనో, పోస్టులోనో, కామన్ సర్వీస్ సెంటర్ నుంచో పంపొచ్చు. వచ్చిన డైరీ నంబరు దాచుకోవాలి. కేసు ఎక్కడుందో చూసుకోడానికి అదే ఆధారం.

ఫిర్యాదు మొదట్లోనే కొట్టుకుపోయేది ఇలా: పేరూ సంతకం లేకపోవడం, ఘటన జరిగి ఏడాది దాటడం, కలెక్టరుకు రాసిన అర్జీ నకలునే కమిషన్‌కు పంపడం, అదే విషయం రాష్ట్ర కమిషన్‌లో పెండింగులో ఉండడం. కమిషన్ పేరిటే విడిగా రాయాలి. మృతుడి వయసు, ఊరు, ఆఖరుసారి ఎవరు ఎక్కడ చూశారు, శవం ఎప్పుడిచ్చారు, ఒంటిమీద గాయాలెక్కడ, ఎఫ్ఐఆర్ నంబరెంత, ఇవి చాలు. ఆవేశం రెండు పేజీలు రాస్తే అసలు సంగతి అందులో మునిగిపోతుంది.

ఇక పెద్ద మెలిక. గడ్చిరోలి పోలీసుల కమాండో దళం సీ-60, ఒడిశా పోలీసుల ప్రత్యేక దళం ఎస్ఓజీ, ఈ రెండూ రాష్ట్ర పోలీసులు. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ కేంద్ర బలగాలు. కేంద్ర బలగాలైతే మానవ హక్కుల పరిరక్షణ చట్టం 19వ సెక్షన్ ప్రకారం కమిషన్ కేంద్రాన్ని నివేదిక అడిగి సిఫార్సు చేయగలదంతే, సొంతంగా విచారించలేదు. ఉమ్మడి ఆపరేషన్ అయితే రాష్ట్ర పోలీసుల పాత్రనూ, స్టేషన్ పేరునూ స్పష్టంగా రాయకపోతే ఫైలు ఆ 19వ సెక్షన్ దారిలోనే పోతుంది.

ఏం కోరాలో కూడా రాయాలి. 2014లో సుప్రీంకోర్టు పెట్టిన నియమాల్లో ఉన్నవే: సీఐడీ లేదా వేరే స్టేషన్ బృందం దర్యాప్తు, ఇద్దరు డాక్టర్ల పోస్టుమార్టం, దాని వీడియో, మేజిస్ట్రేట్ విచారణ. వీడియో కాపీ మొదటివారంలోనే అడగాలి. 2018 ఏప్రిల్‌లో గడ్చిరోలిలో కస్నాసూర్, రాజారాం ఖాండ్లా ఎన్‌కౌంటర్ల తర్వాత ఇంద్రావతి నదిలోంచి శవాలు తీశారు. నీళ్లలో నానిన శరీరం మీద గాయం ఏ దూరం నుంచి తగిలిందో చెప్పడం కష్టం.

‘తీవ్రవాదికి ఇంత తతంగమా’ అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆత్మరక్షణ హక్కు పోలీసుకూ ఉంది, కాదనలేం. కానీ ఆ అవసరం నిజంగా వచ్చిందా అన్నది కాల్చినవాడే తేలిస్తే, చచ్చినవాడు తీవ్రవాదో కాదో కూడా వాడే తేలుస్తాడు. 2010లో ఆదిలాబాద్ అడవిలో మావోయిస్టు నాయకుడు ఆజాద్‌తోపాటు జర్నలిస్టు హేమచంద్ర పాండే చనిపోయిన కేసులో, గణతంత్రం తన పిల్లలను తానే చంపడాన్ని ఒప్పుకోలేమని సుప్రీంకోర్టు 2011లో అంది. తర్వాత సీబీఐ అది నిజమైన ఎన్‌కౌంటరేనని చెప్పింది. విచారణ పోలీసుకూ పనికొస్తుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మార్కులు తగ్గించింది ఒక్కచోటే. కమిషన్ సిఫార్సు చేస్తుంది, శిక్షించలేదు. పరిహారం ఇప్పించమంటుంది, డబ్బు చేతికొచ్చినా కాల్చినవాళ్లమీద కేసు నడవకపోవచ్చు. నియమాలు పాటించలేదని సెషన్స్ జడ్జికి కుటుంబం ఫిర్యాదు చేయొచ్చని అదే 2014 తీర్పులో ఉంది, ఆ దారి వదలొద్దు. అయితే వరస ముఖ్యం: కోర్టులో నడుస్తున్న విషయమని చెప్పి కమిషన్ తోసిపుచ్చే వీలుంది, కాబట్టి ముందు ఇక్కడ డైరీ నంబరు వేయించుకుని, తర్వాత సెషన్స్ కోర్టుకు వెళ్లాలి.