ఒంగోలులో రెండు రోజులు, ఒక ఆటో లెక్క

పోయిన నెల మా సండే స్కూల్లో ఇవ్వడం గురించి పాఠం జరిగింది. మా పిల్లలిద్దరూ వాక్యాలు కంఠతా పట్టి బహుమతులు కూడా తెచ్చుకున్నారు. ఇంట్లో మాత్రం ఒక్క చాక్లెట్ రెండు ముక్కలు చేయాలంటే పానిపట్టు యుద్ధమే. చెబితే ఎక్కదు, ఇవ్వడం అంటే ఏంటో చేసి చూపించిన పాతకాలం మిషనరీలు తిరిగిన చోట్లకే తీసుకెళ్లి చూపిద్దామని ఫిబ్రవరిలో రెండో శనివారం చూసుకుని నెల్లూరు నుంచి ఒంగోలు బయల్దేరాం. పెద్దోడికి పదకొండేళ్లు, చిన్నదానికి ఏడు. వెళ్లేటప్పుడు పొద్దున రైలు, తిరిగి ఆర్టీసీ బస్సు. పిల్లలతో అయితే రైలే సుఖం.

ముందు లాడ్జి సంగతి. బస్టాండుకి దగ్గరని యాప్‌లో బుక్ చేశా, రోజుకి 1,700. ఫొటోలో కనిపించిన కిటికీ నిజంగానే ఉంది, తీస్తే పక్క బిల్డింగ్ గోడ. వేడినీళ్లు ఏడు నుంచి ఎనిమిది దాకా అని బోర్డు పెట్టారు. ఏడున్నరకే చల్లబడ్డాయి. అయితే దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, పిల్లలకి అదనపు పరుపు డబ్బులు అడక్కుండా వేశారు. మీరు వెళితే రోడ్డు వైపు రూము మాత్రం వద్దనండి. రాత్రంతా హారన్లే.

రోజంతా తిప్పడానికి బస్టాండు దగ్గరే ఆటో మాట్లాడా. ప్రార్థన కొండ, వెల్లంపల్లి, కొత్తపట్నం బీచ్ కలిపి 1,400 అన్నాడు. నేను వెయ్యి నుంచి మొదలుపెట్టా. చివరికి 1,200కి ఒప్పుకున్నాడు. బేరం బాగా కుదిరిందని ఆటో ఎక్కుతూ మా ఆవిడ వైపు గర్వంగా చూశాను కూడా.

ప్రార్థన కొండ చిన్నదే. చిన్నదాన్ని ఎత్తుకుని కూడా ఎక్కేశాను. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఇంకో నలుగురు ఇక్కడికొచ్చి ఈ ప్రాంతానికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. ఆ మనిషి, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలు వచ్చింది 1866లో. అడిగిన పన్నెండేళ్లకి! సైకిల్ అడిగి రెండు నెలలైనా కొనలేదని అలిగిన మా వాడికి ఇది గట్టిగానే వినిపించాను. వాడు విననట్టు ఊరు చూస్తూ నిలబడ్డాడు. ఎండెక్కక ముందే ఎక్కండి, నీళ్లు వెంట తీసుకెళ్లండి.

వెల్లంపల్లి హైవే మీదే, ఒంగోలుకి ఉత్తరాన. చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు, ముందే చెబుతున్నా. గుండ్లకమ్మ, ఇసుక, అక్కడక్కడా నీళ్లు. కానీ 1878 జూలై 3న ఈ ఏటిలోనే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు. మొత్తం తొమ్మిది గంటలు పట్టిందని చెబితే మా వాడు ఫోన్‌లో లెక్క కట్టి, "మనిషికి అర నిమిషం కూడా రాలేదు డాడీ" అన్నాడు. వాడికి ప్రతిదీ లెక్కే. చిన్నదానికి మాత్రం అంతమందికి తుండుగుడ్డలు ఎక్కడివని సందేహం.

నాకు అన్నిటికంటే నచ్చింది కొత్తపట్నం దారిలో బకింగ్‌హామ్ కాలువ. ఎవరూ ఆగరు, మేం ఆగాం. 1876-78లో ధాత కరువు వచ్చినప్పుడు క్లౌ ఈ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకి తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకి పని చూపించి కూలి ఇచ్చాడు. చేయి చాచి నిలబడే పని లేకుండా, తవ్విన మట్టికి డబ్బులు. ఇంకో సంగతి, కరువు ఉన్నన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చి చేరారన్న మాట రాకూడదని. ఇదంతా పిల్లలకి చెబుతుంటే ఆటో ఆయన కూడా ఇంజన్ ఆపి విన్నాడు. "మా తాత వాళ్ల నాయన తవ్వాడంట సార్ ఈ కాలవ" అన్నాడు. ఎంత కూలి ఇచ్చేవాళ్లో తెలుసా అని మా వాడు అడిగాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

కొత్తపట్నం బీచ్ మా మైపాడు కంటే ఖాళీగా ఉంది. అలలు మాత్రం లాగేస్తున్నాయి, పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వలేదు. బట్టలు మార్చుకోవడానికి చాటు దొరక్క ఆడవాళ్లకి ఇబ్బందే. ఆటో ఆయన ఆటోకి దుప్పటి కట్టి మరుగు చేసిచ్చాడు. భోజనం గురించి రాయను. నెల్లూరు వాళ్లం, బయట చేపల పులుసు తిని బాగుందనడం మాకు రాదు.

ఆదివారం జ్యూయెట్ మెమోరియల్ చర్చిలో ఆరాధనకి వెళ్లాం. కానుక సంచి వచ్చినప్పుడు పిల్లలు చూస్తుండగానే ఐదొందల నోటు వేశాను. చూడాలనే వేశాను, దాచేదేముంది. బయటికి రాగానే మా వాడు చెయ్యి పట్టి లాగాడు. "డాడీ, ఆ ఐదొందల్లో రెండొందలు ఆటో అంకుల్‌వి కదా?"

మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి పక్కకి తిరిగింది. బేరం వేరు, కానుక వేరు అని ఏదో మొదలుపెట్టాను గానీ, నిన్న కాలువ గట్టు మీద చెప్పిన కథ నాకే అడ్డం వచ్చింది. అల్లూరయ్య మైసూర్‌పాక్ కొనడానికి వెళ్లి, ఆ షాపు ముందే నిలబడి ఆటో ఆయనకి రెండొందలు ఫోన్‌పే చేశాను.

బస్సు కావలి దాటాక ఆయన ఫోన్ చేశాడు. "సార్, పొరపాటున పడ్డాయేమో, తిరిగి వేసేదా?" పొరపాటు కాదు, నిన్నటి బాకీ అన్నాను. అర కిలో మైసూర్‌పాక్ అప్పటికే సగమైంది, ఈసారి కొట్లాట లేకుండానే.

ఆటో ఆయన నంబరు నా దగ్గర ఉంది. ఒంగోలు వెళ్లేవాళ్లు అడిగితే ఆయన్నడిగి ఇస్తాను. రేటు మాత్రం ఆయన చెప్పిందే.