బొర్రా నుంచి వంజంగి దాకా మూడు రోజుల నడక

విశాఖలో పుట్టి పెరిగిన దాన్ని. అరకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. కానీ ప్రతిసారీ కారు దిగడం, ఫోటో తీసుకోవడం, మళ్లీ కారెక్కడం. ఈసారి నడవాలనే వెళ్లాం. నవంబరు చివరి వారం. నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, మా తమ్ముడు. మూడు రోజుల్లో చూసిన వాటన్నిటిలో నాకు ఎక్కువగా నచ్చింది కటికి జలపాతానికి వెళ్లే దారి. జలపాతం బాగుంటుంది, అందులో సందేహం లేదు. దారి అంతకన్నా బాగుంటుంది.

బయలుదేరే ముందు రెండు ఆదివారాలు కంబాలకొండలో నడిచాం. కొత్త బూట్లు ఎక్కడ కరుస్తాయో ముందే తెలియాలి కదా. సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం జాతీయ రహదారి పక్కన, నగరాన్ని ఆనుకుని ఉంది. పడవలు, తాళ్ల వంతెనలు ఉన్న చోట సెలవు రోజుల్లో పిల్లల సందడి ఎక్కువ. అది దాటితే చాలు, లారీల హోరు వెనక్కి తగ్గి నెమళ్ల కూతలు వినిపిస్తాయి. ఎప్పుడూ కొండ ఎక్కని వారు ఇక్కడ మొదలుపెట్టడం మంచిది. చిరుతలున్న అడవి కాబట్టి సిబ్బంది చూపిన బాట వదలకూడదు.

బొర్రా గుహలకు కిరండూల్ పాసింజరులో వెళ్లాం. పొద్దున్నే విశాఖలో బయలుదేరే బండి ఇది. అద్దాల పెట్టెకు టికెట్లు దొరకలేదని మా అమ్మాయి మొదట ముఖం ముడుచుకుంది. బండి శివలింగపురం దాటి కొండ ఎక్కడం మొదలయ్యాక ఆ బాధ మరిచిపోయింది. మామూలు పెట్టెలో కిటికీ తెరుచుకుంటుంది. సొరంగంలోకి వెళ్లిన ప్రతిసారీ తడి రాతి వాసనతో చల్లగాలి ముఖానికి కొడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి వేసిన మార్గమిది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలున్నాయి. నా సలహా అడిగితే, వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు.

బొర్రా గుహల దగ్గర జీపుల వాళ్లు చుట్టుముట్టారు. కటికికి ఆరేడు కిలోమీటర్లు, నడవలేరు అన్నారు. నడుస్తామని చెప్పి, అక్కడి ఊరి కుర్రవాణ్ణి ఒకణ్ణి తోడు రమ్మన్నాం. 600 రూపాయలు ఇచ్చాం. ఈ ప్రయాణంలో మేము పెట్టిన ఖర్చులన్నిటిలో సార్థకమైన ఖర్చు అదే. దారి తప్పకుండా చూడటమే కాదు, కొండ మీద కాలు ఎలా వేయాలో అతనే నేర్పాడు. ఒక గెడ్డ (కొండ వాగు) దాటేటప్పుడు నేను నల్లగా, నున్నగా, పొడిగా కనిపించిన బండ మీద అడుగు వేయబోతే ఆపాడు. "అది కాదు అక్కా, ఆ పక్క గరుకు రాయి మీద వేయండి. తడిగా ఉన్నా అదే పట్టు ఇస్తుంది" అన్నాడు. వంగి నల్ల బండను తడిమి చూశాను. ఎండిన పాచి పొర సన్నగా, మైనంలా ఉంది. మళ్లీ ఎక్కడా జారలేదు.

కొంచెం పైన రాళ్ల సందులోంచి ఊట వస్తోంది. పక్కనే అల్లుకున్న తీగ నుంచి రెండు అడ్డాకులు కోశాడు. ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి, నాలుగు మడతలు వేసి, వెదురు ఈనె విరిచి గుచ్చాడు. అర నిమిషంలో దొన్నె తయారైంది. చుక్క కారలేదు. మా అమ్మాయి మూడుసార్లు తాగి, ఆ దొన్నెను సంచిలో దాచుకుంది.

ఈ దారి గురించి మరో మాట కూడా చెప్పాలి. రెండేళ్ల కిందట తన తల్లికి జ్వరం ముదిరితే, వానలో ఇటువంటి బాటలోనే డోలీ కట్టి మోసుకొచ్చామని ఆ అబ్బాయి చెప్పాడు. కర్రకు దుప్పటి, చెరో పక్క ఇద్దరేసి మనుషులు, మధ్యలో రెండు గెడ్డలు. తల్లి బతికింది. ఆ మాట విన్నాక రాళ్ల దారిని సాహసం అనడానికి నాకు నోరు రాలేదు. పర్యాటకుల కోసం మెట్లు కట్టే ముందు ఊళ్లకు రోడ్డు పడాలని మనసారా కోరుకుంటున్నాను.

కటికి దగ్గర నీళ్లు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి. గోస్థనీ నీళ్లే ఇవి. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల గుండా పారే ఈ నదికి ఆవు పొదుగు పేరు పెట్టుకున్నారు మన వాళ్లు. జలపాతం దగ్గర బొంగు చికెన్ తిన్నాం. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకులు దట్టించి నిప్పుల్లో పెడతారు. నూనె చుక్క వేయరు. బొంగు పైన నల్లగా మాడేదాకా ఆగాలి. తొందరపెడితే లోపల ముక్క ఉడకదు. ఆకలి వేశాక కాకుండా, చేరగానే చెప్పి పెట్టుకోవడం మేలు.

ఆ రాత్రి బస మాత్రం బాధపెట్టింది. అరకులో ముందుగా డబ్బు కట్టిన ఒక లాడ్జిలో వేడినీళ్లు లేవు, దుప్పట్లు తడి వాసన వేస్తున్నాయి. నవంబరు చలిలో ఆ రెండూ లేకపోతే పిల్లలకు నిద్ర ఎలా పడుతుంది? అదనపు దుప్పటికి వేరే డబ్బు అడిగారు. గది చూడకుండా డబ్బు కట్టవద్దని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. కిందటి శీతాకాలం టైడాలో, పర్యాటక శాఖ జంగిల్ బెల్స్ చెక్క కాటేజీలో ఉన్నాం. విశాఖకు 75 కిలోమీటర్లే. తెల్లవారుజామున కిటికీ తెరిస్తే పిట్టల కూతలు తప్ప మరో చప్పుడు లేదు. కొండల మధ్య ఒక్క రాత్రి చాలనుకునే వారు అరకు దాకా వెళ్లకుండా టైడాలో ఆగితే సుఖపడతారు.

రెండో రోజు కాఫీ తోటల్లో నడిచాం. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద నీడలో ఎర్రబడిన కాఫీ పళ్లు. తోటల వాళ్లను అడిగి లోపలికి వెళ్లాలి. పళ్లు కోయకూడదు, అది వాళ్ల ఏడాది కష్టం. రోడ్డుకు అటూ ఇటూ వలిసె (నూనెగింజల పంట) పూలు పసుపు ఆరబోసినట్టు విరిశాయి. ఫోటోల కోసం చేలల్లోకి దిగి మొక్కలు తొక్కుతున్న వారిని చూసి కడుపు తరుక్కుపోయింది. చేను గలవాడు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు, ఏమీ అనలేదు.

సాయంత్రం బస్సులో పాడేరు చేరాం. 2022 ఏప్రిల్ నుంచి ఇది అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. బస సాదాగా ఉన్నా శుభ్రంగా ఉంది. తెల్లవారుజామున మూడున్నరకే ఆటోలో, మేఘాల దృశ్యానికి పేరున్న వంజంగి కొండకు బయలుదేరాం. వాహనాలు ఆగే చోటు నుంచి కొండపైకి మాకు గంట పట్టింది. చీకట్లో ముందు వెళ్లేవారి టార్చిలైట్లు చీమల బారులా కనిపించాయి. పైన నిలబడితే కింద లోయ అంతా మేఘం. సూర్యుడు రాగానే ఆ తెల్లని అంచులు ముందు గులాబీ రంగుకు, తర్వాత బంగారు రంగుకు తిరిగాయి. పాల సముద్రం అన్న మాటలో అతిశయోక్తి లేదు.

అయినా మళ్లీ ఆదివారం మాత్రం వెళ్లను. బండరాళ్ల సందుల్లో నీళ్ల సీసాలు, చిప్స్ పొట్లాలు. పాటల పెట్టెలు మోసుకొచ్చిన వాళ్లున్నారు. మధ్య వారంలో, మబ్బు పట్టే అవకాశం ఉన్న రోజు చూసుకుని వెళ్లండి. స్వెట్టరు, టార్చిలైటు, దోమల మందు తప్పనిసరి. వానాకాలమైతే జలగలకు ఉప్పు కూడా. లోపలి ఊళ్లలో ఫోను పనిచేయదు, ఇంట్లో ముందే చెప్పి బయలుదేరాలి.

దిగాక పాడేరులో ఒక అవ్వ దగ్గర చోడి (రాగి) అంబలి తాగి, పచ్చి ఉల్లిపాయ తిని విశాఖ బస్సెక్కాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో మా తమ్ముడికి కడుపులో తిప్పింది కానీ, మధ్యాహ్నానికి విశాఖ బస్‌స్టాండు కాంప్లెక్సులో దిగాం. ఇంటికొచ్చి సంచి విప్పితే అడుగున అడ్డాకుల దొన్నె ఎండి గోధుమ రంగుకు తిరిగి ఉంది. ఈనె ఊడలేదు.