అమలాపురంలో ఆరు రోజుల ప్రాజెక్ట్ ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చాను, నా రివ్యూ

కులవివక్ష మీద, విద్వేషపు మాటల మీద పనిచేసే చిన్న సంస్థల వాళ్ళకి ప్రాజెక్ట్ ఎలా నడపాలో నేర్పే ట్రైనింగ్ ఒకటి అమలాపురంలో పెట్టారండి, మూడు వారాలు వరసగా శని ఆదివారాలు, మొత్తం ఆరు రోజులు. ఫీజు రెండు వేలు, భోజనాలు టీలు అందులోనే. నడిపిన సంస్థ పేరు రాయట్లేదు, ఎందుకంటే లోపాలు కూడా రాయాలి, అవి వాళ్ళకి చివరి రోజే మొహం మీద చెప్పేశాను.

మాది రాజోలు వైపు. తొమ్మిది ఊళ్ళలో తిరిగే నలుగురం, ఇద్దరికే జీతం. స్టేషన్‌కి వెళ్ళడం, ఎఫ్ఐఆర్ కట్టించడం, బాధితుల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళడం, పెద్దమనుషులు రాజీ అంటూ వస్తే అడ్డం నిలబడటం, ఇవన్నీ పదేళ్ళ నుంచి చేస్తున్నాం. కానీ రెండేళ్ళ ప్రాజెక్ట్ అని చేతికి రావడం ఇదే మొదలు. డబ్బుతో పాటు బడ్జెట్, మూడు నెలలకో రిపోర్టు, పని ఎంత జరిగిందో కొలిచే ఇండికేటర్లు అన్నీ వచ్చి పడ్డాయి. వాటికోసమే వెళ్ళాను, ఫారాలు నింపడం వస్తే చాలనుకుని. అక్కడ నాకు దొరికింది వేరే.

రెండో రోజు పొద్దున క్లాసు గురించి ముందు చెప్పాలి. మీరు చేసిన కేసు ఒకటి చెప్పండి అన్నారు, నేను మా పోయినేడాది కేసు చెప్పాను. డిగ్రీ చదివే పిల్ల, ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి ర్యాలీలో ఫోటో దిగి స్టేటస్ పెట్టుకుంది. ఆ ఫోటో తీసుకెళ్ళి ఊళ్ళో కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపులో వేసి కులం పేరుతో రాయకూడని రాతలు రాశారు. మేం వెంటనే వెళ్ళాం, కంప్లైంట్ ఇప్పించాం, వారం తిరక్కుండా మూడు వందల మందితో సదస్సు పెట్టాం, పేపర్లో ఫోటో పడింది. పది రోజులకి వాళ్ళమ్మని రొయ్యల తలలు వలిచే షెడ్డుకి పిలవడం మానేశారు. వాళ్ళ నాన్న చేసే ఎకరం కౌలు వచ్చే పంటకి ఇవ్వనన్నారు. కిరాణా కొట్లో ఖాతా ఆగిపోయింది. నెల తిరిగేసరికి ఆ పిల్లే వచ్చి అక్కా వదిలేద్దామక్కా అంది. మా రిపోర్టులో మాత్రం కేసు నమోదు 1, అవగాహన సదస్సు 1, హాజరు 300 అని ఉంది.

క్లాసు తీసుకున్నావిడ భీమవరం దగ్గర మనిషి, అరవై దాటుంటాయి. అంతా విని ఒకటే అడిగారు: "కంప్లైంట్ ఇచ్చిన రోజు మీ ప్లాన్‌లో ఉందమ్మా. మర్నాడు పొద్దున ఆ పిల్ల తల్లి ఎవరి పనిలోకెళ్తుందో ఎక్కడ రాసుకున్నారు?"

ఎక్కడా రాసుకోలేదు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది, హాల్లో ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా తలొంచుకున్నారు, ఎందుకంటే అందరి కథా అదే.

ఆ మధ్యాహ్నమంతా ఒకే పని చేయించారు. కంప్లైంట్ ఇవ్వబోయే ఇంటిని మధ్యలో పెట్టి, ఆ ఇల్లు ఎవరెవరి మీద ఆధారపడి బతుకుతోందో గీయడం. పని ఎవరిస్తారు, పొలం ఎవరిది, అప్పు ఎవరి దగ్గర, పాలు ఎవరింటికి పోస్తారు, పిల్లలు స్కూలుకెళ్ళే ఆటో ఎవరిది, కొబ్బరి దింపుకి పిలిచే తోట ఎవరిది, ఇవన్నీ. గీతలన్నీ గీసేసరికి మా కేసులో సగం గీతలు వెళ్ళి ఒకే ఇంటికి తగిలాయి, మేం ఎవరి కొడుకు మీద కంప్లైంట్ ఇచ్చామో ఆ ఇంటికే. ఈ బొమ్మ గంటలో గీసేది, మేం పదేళ్ళలో ఒక్కసారి గీయలేదు.

తర్వాత దానికి నెలలు కలిపారు. నాట్లు, కోతలు ఉన్న రోజుల్లో పక్క ఊరికి వెళ్ళైనా పని దొరుకుద్ది, కోతలయ్యాక పని లేని నెలల్లో బహిష్కరణ పెడితే ఆ ఇల్లు వారం కూడా తట్టుకోదు. ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ కేసు డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేసి 60 రోజుల్లో చార్జిషీటు వెయ్యాలని రూల్ ఉంది కదా, ఆ 60 రోజులూ ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుద్దో మీ బడ్జెట్లో ఒక లైను ఉండాలి, సదస్సు ఫ్లెక్సీ కన్నా ముందు ఉండాలి అన్నారావిడ. ప్రభుత్వ పరిహారం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా ఉందని మాకు తెలుసు, కానీ అది విడతల్లో వస్తుంది, చేతికందే లోపల రాజీ అయిపోతుంది.

పశ్చిమ గోదావరి జిల్లాలో గరగపర్రు అనే ఊరి గురించి కూడా ఇక్కడే వచ్చింది. 2017లో అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలైన గొడవ, దళిత పేట మొత్తాన్ని పనుల్లోంచి కౌళ్ళలోంచి వెలేసేదాకా వెళ్ళింది. మన డెల్టాలో చెయ్యి చేసుకోకుండానే మనిషిని పడగొట్టే పద్ధతి అదే, పనికి పిలవకపోవడం. అది కూడా నేరమే. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో తెచ్చిన సవరణలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణని విడిగా నేరంగా రాశారు, 3(1)(జెడ్‌సీ). మేం మా కేసులో తిట్ల సెక్షన్లు మాత్రమే రాయించి వచ్చేశాం, షెడ్డుకి పిలవడం మానేశాక మళ్ళీ వెళ్ళి ఇది కలపమని అడగలేదు. అదే సవరణలో 15ఏ అని బాధితుల, సాక్షుల హక్కుల అధ్యాయం కూడా ఉంది, రక్షణ అడగొచ్చు, కేసు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవచ్చు. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఆ మీటింగు తేదీకి పది రోజుల ముందే మీ కేసుల పరిస్థితి కాగితం మీద పెట్టి ఇచ్చేలా పనులు అమర్చుకోండి, మీ మూడు నెలల రిపోర్టు కూడా దాంతోనే రాసుకోండి అని చెప్పారు. ఇది నాకు చాలా నచ్చింది, డబ్బిచ్చే ఫండర్ కోసం ఒకటి కేసు కోసం ఒకటి రెండు పనులు చెయ్యక్కర్లేదు.

విద్వేష ప్రసంగం క్లాసు నాలుగో రోజు. అమలాపురంలో కూర్చుని ఈ క్లాసు వినడం మామూలు విషయం కాదండి. 2022 మే 24న కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద ఇదే ఊళ్ళో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి, తర్వాత రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు, సిగ్నల్ కోసం జనం జిల్లా దాటి వెళ్ళొచ్చారు. హాల్లో ఉన్న ముప్పై మందికీ ఆ రోజు ఎక్కడున్నామో గుర్తుంది. అందుకే వాళ్ళు మెసేజ్‌లు చదివించి, ఇది నేరమా, అసహ్యమైన మాటా, ఒట్టి అభిప్రాయమా అని విడగొట్టమన్నప్పుడు వాదన బాగా జరిగింది. జిల్లా పేరు మార్చొద్దు అనడం అభిప్రాయం, అనొచ్చు. ఫలానా పేట వాళ్ళకి బుద్ధి చెప్పాలి, ఫలానా సెంటర్‌కి రండి అనడం వేరు. ఐక్యరాజ్యసమితి వాళ్ళ 2012 రబాత్ ప్లాన్‌లో దీనికి ఆరు కొలతలు ఉన్నాయట, ఏ సందర్భంలో అన్నారు, అన్నవాడి పలుకుబడి ఎంత, ఉద్దేశం ఏంటి, మాట ఎలా ఉంది, ఎంతమందికి చేరింది, దానివల్ల వెంటనే హాని జరిగే అవకాశం ఎంత. పదిహేను మెసేజ్‌లు ఈ ఆరింటితో కొలిచాం. మా గ్రూపు నేరం అనుకున్నవాటిలో నాలుగు నిలబడలేదు. అది మంచిదే, ప్రతి తిట్టుకీ కేసు అంటే స్టేషన్లో మన మాటకి విలువ పోద్ది, పైగా రేపు అదే సెక్షన్ మన కుర్రాళ్ళ మీద పెడతారు. ఐటీ చట్టం 66ఏ ని 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది అందుకే కదా, ఏది పడితే అది నేరం అయిపోతోందని. అలాగని వదిలెయ్యమనీ కాదు, నిజంగా విద్వేషం రెచ్చగొట్టే ప్రసంగం అయితే కంప్లైంట్ కోసం చూడకుండా పోలీసులే కేసు కట్టాలని 2023 ఏప్రిల్‌లో అదే సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది.

సాక్ష్యం సంగతి కూడా బాగా చెప్పారు. స్క్రీన్‌షాట్ తీసి ఫార్వర్డ్ చేసుకుని అసలు ఫోన్లో డిలీట్ చేసేస్తాం మనం, కోపంతోనో సిగ్గుతోనో. అలా చెయ్యకూడదు. ఆ ఫోన్, ఆ మెసేజ్ అలాగే ఉండాలి, గ్రూపు పేరు, నంబరు, టైము కనపడాలి, కోర్టులో పెట్టేటప్పుడు కొత్త సాక్ష్యాల చట్టం, అంటే సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, ఇదివరకటి 65బీ. గ్రూపులోంచి కోపంగా బయటికి వచ్చెయ్యొద్దు అన్నారు, ఇది మాత్రం ఆడపిల్లలకి చెప్పడం తేలిక, ఉండటం కష్టం, ఆ మాట నేను లేచి అన్నాను. ఫోన్ ఇంకొకరికి అప్పగించి వాళ్ళు చూసేలా పెట్టుకోండి అని ఒక దారి చెప్పారు, పర్లేదు.

ఇప్పుడు లోపాలు. ప్రాజెక్ట్ లక్ష్యాలు, పనులు, కొలతలు ఒక పట్టికలో రాసుకునే లాగ్‌ఫ్రేమ్ క్లాసు మొత్తం ఇంగ్లీషు స్లైడ్లు. తెలుగులోనే మాట్లాడారు కానీ చేతికిచ్చిన ఫారాలు ఇంగ్లీషులో ఉన్నాయి, ముమ్మిడివరం వైపు నుంచి వచ్చిన ఒక అన్నయ్య ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాడు, అలాంటి మనిషి ఆ పూటంతా నోరు విప్పలేదు. ఆయనకి తెలిసినంత ఆ హాల్లో ఎవరికీ తెలీదు. వచ్చే బ్యాచ్‌కైనా ఆ ఫారాలు తెలుగులో ఉండాలి, నేను రెండు తిరగరాసి వాళ్ళకి ఇచ్చొచ్చాను. విదేశీ నిధుల చట్టం గురించి గంటన్నర చెప్పారు, 2020 సవరణ తర్వాత ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదు, ఒక సంస్థ తీసుకున్నది ఇంకో సంస్థకి ఇవ్వకూడదు అని. మాలో చాలామందికి అసలు ఆ డబ్బే రాదు, ఆ టైము వేరేదానికి పెట్టాల్సింది.

దేనికి పెట్టాల్సిందో చెప్తాను. మా పేటల్లో ఆదివారం చర్చికి వెళ్ళే ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు. 1950 ఎస్సీ ఆర్డర్ ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్ళకే ఎస్సీ హోదా. 2025లో మన హైకోర్టు కూడా క్రైస్తవంలోకి మారినవాళ్ళకి అట్రాసిటీ చట్టం వర్తించదని చెప్పింది. తిట్టేవాడు మాత్రం నువ్వు ఏ గుడికెళ్తావు అని అడిగి తిట్టడు కదండీ. కంప్లైంట్ తీసుకునేటప్పుడు ఈ ప్రశ్నే మొదట వస్తోంది ఇప్పుడు, ఇలాంటి ఇంటికి మా ప్రాజెక్ట్ ఏ దారి చూపించాలి అని అడిగితే, ఐపీసీ బదులు వచ్చిన న్యాయ సంహితలో వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం మీద 196, మత భావాల్ని అవమానించడం మీద 299 సెక్షన్లు ఎవరికైనా వర్తిస్తాయి, అవి చూడండి అని పది నిమిషాల్లో ముగించారు. అవి ఎక్కడ సరిపోతాయో ఎక్కడ సరిపోవో ఒక పూట కూర్చుని తేల్చాల్సిన విషయం అది. ఈ ఒక్కదానికి నాకు నిజంగా కోపం వచ్చింది.

ఫేస్‌బుక్, యూట్యూబ్ వాళ్ళకి కంప్లైంట్ ఎలా పెట్టాలో కూడా హడావుడిగా అయిపోయింది. వాళ్ళ దగ్గర ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ 24 గంటల్లో అందిందని చెప్పాలి, గడువు లోపల తేల్చాలి అని చెప్పారు, కానీ ఫోన్లో చేసి చూపించలేదు. భోజనం బాగుంది, పప్పు, చేపల పులుసు, అందరం ఒకే బంతిలో కూర్చున్నాం. ఆడవాళ్ళకి బాత్‌రూమ్ ఒక్కటే, అదీ కింది అంతస్తులో.

వెళ్ళమంటారా అంటే వెళ్ళండి, అయిదుకి నాలుగు ఇస్తాను. రెండో రోజు మాత్రం ఏ బస్సు దొరక్కపోయినా మానొద్దు. మీ దగ్గర రాజీ అయిపోయిన పాత కేసు ఒకటి పేర్లు తీసేసి పట్టుకెళ్ళండి, గెలిచిన కేసు వద్దు. కొత్త నోటుబుక్కు కూడా, వాళ్ళిచ్చేది పది పేజీలే.

మేం వచ్చాక టీమ్ కూర్చుని బడ్జెట్ మళ్ళీ రాసుకున్నాం, సదస్సులకి పెట్టిన డబ్బులో సగం తీసి ఆ 60 రోజుల లైనులో వెయ్యనివ్వమని ఫండర్‌కి ఉత్తరం పెట్టాం. జవాబు ఇంకా రాలేదు. ఆ పిల్ల వాళ్ళమ్మ ఇప్పుడు పడవ దాటి నరసాపురం వైపు షెడ్డుకి వెళ్తోంది, పొద్దున అయిదింటికే.