ఇంట్లో నైట్ థీమ్ బర్త్‌డే: రెండేళ్ళు, మూడు పార్టీలు వాడాక ఏది నిలిచింది ఏది పోయింది

మేం ఉండేది ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో. మా పెద్దోడి ఏడో పుట్టినరోజుకి నైట్ థీమ్ పెట్టాం, అంటే కవచాలేసుకుని గుర్రాల మీద యుద్ధం చేసే ఆ పాతకాలం వీరుల థీమ్ (అత్తయ్యకి ఫోన్‌లో చెప్తే "రాత్రిపూట పిల్లల పార్టీ ఏంటమ్మా" అని కంగారు పడ్డారు). అదే సామాను ఏడాది తర్వాత ఫ్రెండ్ వాళ్ళబ్బాయి పార్టీకి వెళ్ళొచ్చింది, మొన్న మా చిన్నదాని ఐదో పుట్టినరోజుకి మళ్ళీ దింపాం, మధ్యలో రోజూ ఆటలు సరేసరి. మొదటి పార్టీ అయిన మర్నాడు రాసుంటే అన్నీ సూపర్ అనే రాసేదాన్ని, ఇప్పుడు సంగతి వేరు.

ఐడియా వాడిదే. ఇక్కడ రాయల్ ఆర్మరీస్ మ్యూజియం ఉంది, 1996లో తెరిచారు, టికెట్ లేదు, వాన పడ్డ ఆదివారాలన్నీ మాకు అక్కడే. మాక్సిమిలియన్ చక్రవర్తి ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి బహుమతిగా ఇచ్చిన శిరస్త్రాణం ఒకటుంటుంది, పొట్టేలు కొమ్ములు, పైగా కళ్ళజోడు, వాడు దాని ముందు నించుంటే ఇక కదలడు. మనవాళ్ళు వెళ్తే ఏనుగు కవచం కూడా తప్పకుండా చూడండి, 118 కిలోలు, మన దేశానిదే, ఎడ్వర్డ్ క్లైవ్ మద్రాసు గవర్నర్‌గా ఉన్న రోజుల్లో ఆయన భార్య సంపాదించి తెచ్చుకుంది. నాకు దాని ముందు నించుంటే ఒకరకంగా ఉంటుంది, మనది ఇంత దూరంలో అద్దాల వెనకాల.

సరే, కత్తులు. రెడీమేడ్ ఫోమ్ కత్తుల సెట్ కొన్నాం, ఎనిమిది వచ్చాయి, 24 పౌండ్లు. చూడ్డానికి చాలా బావుంటాయి, పార్టీ రోజు ఏ ఇబ్బందీ లేదు. ఆరు నెలలకి వెండి రంగు పొరలు పొరలుగా లేచిపోయింది, అది పర్లేదు, అసలు భయం వేరే. ఒకరోజు సర్దుతుంటే ఒక కత్తి మొన దగ్గర ఫోమ్ చీలి లోపలున్న ప్లాస్టిక్ గొట్టం అంగుళం దాకా బయటికొచ్చి ఉంది, వేలు పెట్టి చూస్తే అంచు గీసుకుపోయేంత పదును, ఇంకో అరగంట ఆగితే పిల్లలు వాటితోనే ఆడేవాళ్ళు. ఆ రోజే ఎనిమిదీ చెత్తలో పడేశా. మీ ఇంట్లో ఇలాంటివి ఉంటే దయచేసి నెలకోసారి మొన నొక్కి చూడండి, లోపల గట్టిగా తగిలితే ఇక వద్దు.

తర్వాత స్విమ్మింగ్ పూల్ నూడుల్స్‌కి (ఈత కొట్టేటప్పుడు తేలడానికి పట్టుకునే పొడుగాటి మెత్తటి ఫోమ్ కడ్డీలు) మారిపోయాం. సగానికి కోసి, పిడి దగ్గర టేప్ చుడితే కత్తి రెడీ. లోపల ఏ గొట్టమూ లేదు కాబట్టి గట్టిగా తగిలినా నొప్పి ఉండదు. ఎండలో వదిలేస్తే టేప్ జిగురు కారి చేతులకి అంటుకుంటుంది, అప్పుడు టేప్ పీకి కొత్తది చుట్టడమే. రూల్ ఒక్కటే పెట్టాం, భుజాల కంటే పైన, అంటే మెడకో తలకో కొడితే కొట్టినవాడే ఔట్. ఆ తర్వాతి రెండు పార్టీల్లో ఒక్క ఏడుపు లేదు.

డ్రెస్సులు కొనకండి. నేను రెండు కొన్నా, ఇనప గొలుసుల కవచం బొమ్మ ప్రింట్ చేసిన పాలిస్టర్, మెడ దగ్గర వెల్క్రో గుచ్చుకుంటుంది, పిల్లలు పది నిమిషాల్లో చెమటలు పట్టి విప్పేశారు. మిగతా పిల్లలకి పాత దుప్పట్లు రెండు పొడుగ్గా చీల్చి, మధ్యలో తల పట్టేంత కన్నం పెట్టి, నడుముకి తాడు కట్టాం, కుట్టు పని అసలు లేదు. నిజం నైట్లు కూడా కవచం మీద ఇలాంటి బట్టే వేసుకునేవాళ్ళు. ఎన్నిసార్లు మెషీన్‌లో వేశానో లెక్కలేదు, ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఇంక డాళ్ళు. అసలు ఈ రివ్యూ రాస్తున్నదే వీటి కోసం. చిన్నపిల్లలకి నేల మీద పరిచే ఫోమ్ మ్యాట్లు ఉంటాయి చూడండి, ఒకదానికొకటి తగిలించేవి, ఒక్కో పలకకి ఒక్కో డాలు కోశాం. మొదట పట్టీని గ్లూ గన్‌తో అంటించా, పార్టీ మధ్యలోనే నాలుగు ఊడిపోయాయి. తర్వాత రెండు చీలికలు పెట్టి పాత బ్యాగు పట్టీ అందులోంచి దూర్చి వెనక ముడేశా, అంతే, రెండేళ్ళుగా ఒక్కటీ ఊడలేదు. రంగు నేరుగా వేస్తే వంచినప్పుడు పగుళ్ళొస్తాయి, ముందు తెల్ల జిగురు ఒక కోటు వేసి ఆరాక వేస్తే నిలుస్తుంది.

బొమ్మ మాత్రం ఏ పిల్లల డాలు మీద వాళ్ళే వెయ్యాలి. ఆ కాలంలో హెల్మెట్ దించితే ఎవరు ఎవరో తెలీదు, డాలు మీద గుర్తు చూసి పోల్చుకునేవాళ్ళు, అందుకే రంగుల్లో ఒక కట్టుబాటు ఉండేది: పసుపు, తెలుపు ఒక జట్టు (బంగారం, వెండి అన్నమాట), ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ ఇంకో జట్టు, ఒకే జట్టు రంగు మీద అదే జట్టు రంగు వెయ్యకూడదు. ఒక బాబు వినకుండా నలుపు మీద ఎర్ర డ్రాగన్ వేశాడు, గార్డెన్ ఆ చివర నించోబెట్టి చూస్తే ఉత్త నల్ల డాలే. వాడే వెళ్ళి డ్రాగన్ మీద తెల్లరంగు పూసుకొచ్చాడు. మా పక్కింటి పాప నీలం మీద పసుపు మామిడికాయ వేసింది, వీధి చివర్నించి కూడా కనపడుతుంది! ముప్పావుగంట సేపు పన్నెండు మంది పిల్లలు చప్పుడు లేకుండా కూర్చున్నారు, అంతకంటే ఏం కావాలి.

కోట ఫ్రిజ్ అట్టపెట్టెలతో కట్టాం, స్పాంజ్‌తో ఇటుకలు అద్దాం, తాడు లాగితే వంతెన పైకి లేస్తుంది. ముందురోజు రాత్రి గార్డెన్‌లో వదిలేస్తే గడ్డి తడికి అడుగు మెత్తబడి తెల్లారేసరికి ఒక బురుజు ఒరిగిపోయింది. అడుగున చెత్త సంచీలు చుట్టి టేప్ వెయ్యండి, ఆ తర్వాత మాకు ఆ బాధ లేదు. రెండు సాయంత్రాల పని, పార్టీలో పిల్లలు పావుగంట కూడా ఉండలేదు గానీ తర్వాత మూడు నెలలు మా వాళ్ళిద్దరూ అందులోనే కాపురం.

తిండి సంగతి, ఆ రోజుల్లో యూరప్‌లో మిరపకాయ లేదు, బంగాళదుంప లేదు, టమాటా లేదు, అన్నీ 1492 తర్వాత అమెరికా నుంచి వచ్చినవే. కంచం బదులు ఎండు రొట్టె ముక్క మీద వడ్డించేవాళ్ళు, మేమూ మందం బ్రెడ్ మీద చికెన్ లెగ్ పెట్టి ఇచ్చాం, ఫోర్కులు లేవు, పిల్లలు కంచంతో సహా తినేశారు. పెద్దవాళ్ళకి అత్తయ్య పులిహోర కలిపారు, గిన్నె ఊడ్చేశారు.

చివర్న ఒక్కొక్కర్ని ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చోబెట్టి, భుజాల మీద కత్తి తాకించి నైట్‌ని చేశాం. దొరల పిల్లల్ని ఏడేళ్ళు రాగానే ఇంకో దొర ఇంటికి పనీ పద్ధతీ నేర్చుకోడానికి పంపేవాళ్ళు, పేజ్ అంటారు, పద్నాలుగు ప్రాంతంలో స్క్వైర్ (నైట్ వెంట ఉండి సాయం చేసే కుర్రాడు), ఇరవై ఒకటి ప్రాంతంలో నైట్. ఇది చెప్తుంటే మావాడు మొహం చిన్నది చేసుకుని "అమ్మా, మరి నాకు ఏడొచ్చాయిగా, నేను వెళ్ళాలా" అన్నాడు. "నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు నాన్నా, నా దగ్గరే నేర్చుకుందువు" అని అత్తయ్య ఒళ్ళోకి లాక్కున్నారు. ఫొటోల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే.

చిన్నదాని పార్టీకి మొత్తం ఖర్చు కొత్త నూడుల్స్, రంగులు, అంతే. డాళ్ళు మళ్ళీ నెలాఖరుకి ఇంకో ఇంటికి వెళ్తున్నాయి, ఈలోపు పట్టీల ముడులు ఒకసారి చూసి పంపాలి.