పాతకాలపు గౌనుకు ఆది జాకెట్టా, కోరా గుడ్డ ట్రయలా?

మా అక్క బిడ్డకు కాలేజీ నాటకంలో దొరసాని వేషం వచ్చింది. విక్టోరియా రాణి కాలపు గౌను కావాలి. కాజీపేటలో ఇన్నేళ్లుగా జాకెట్లు కుడుతున్నదాన్ని, ఇదెంత అనుకుని ఆది జాకెట్టు పెట్టి నేరుగా శాటిన్ కత్తిరించేశాను. తొడుక్కుని నిలబడితే బాగానే ఉంది. డైలాగు చెబుతూ చెయ్యి ఎత్తేసరికి నడుము కుట్టు పక్కటెముకల మీదికి ఎక్కింది. "చిన్నమ్మా, చెయ్యి లేస్తలేదు" అంది.

చంక పట్టేస్తే మనకు తెలిసిన మందు ఒక్కటే, ఇంకాస్త లోతుగా తవ్వడం. నేనూ అదే చేశాను, ఇంకా పాడైంది. చంక కిందికి దిగేకొద్దీ చేతితోపాటు బాడీ, అంటే గౌను పై భాగం, మొత్తం లేస్తుంది. ఆ కాలపు గౌన్లలో చంక చిన్నది, ఒంటికి దగ్గరగా పైకే ఉంటుంది. భుజం కుట్టు వెనక్కి జరిగి ఉంటుంది, వీపు సన్నం. ఇవేవీ ఆది జాకెట్టులో దొరకవు. అసలు మన జాకెట్టు నడుముకు పైనే ఆగిపోతుంది, ఇక గౌను నడుము ఎక్కడో అదేం చెబుతుంది?

శాటిన్‌తో ఇంకో బాధ, విప్పిన కుట్టు దగ్గర సూది గుర్తులు పోవు. వెల్వెట్ కూడా అంతే.

రెండోసారి కోరా గుడ్డ తెచ్చాను. తడిపి ఆరేసి, ఇస్త్రీ చేసి, బాడీ, ఒక్క చెయ్యి మాత్రమే కత్తిరించాను. పక్క కుట్లకు, భుజానికి 1 ఇంచు మార్జిన్ వదిలాను. లోపల వేసుకునేవన్నీ వేయించాకే తొడిగాను, లేకపోతే ఆ ట్రయల్ దండగే. నడుముకు తాడు కడితే అది తనంతట తానే ఎక్కడ ఆగుతుందో చూసి గీత పెట్టాను. ముడతలు ఎటు లాగుతున్నాయో చూస్తే బిగువు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఒక సాయంత్రం పని. కుచ్చుల స్కర్టుకు ట్రయల్ అక్కర్లేదు, చెప్పులు వేయించి చివర్లో అంచు మడిస్తే చాలు.

వెనక కాజాలు పెట్టి డోరీతో లాగడం ఇంకో దారి. రెండు ఇంచుల తేడా దానితో సర్దుకుపోతుంది. వేషం ఎవరికి వస్తుందో చివరిదాకా తేలని నాటకాలకు అదే మేలు. అప్పటి సాయంత్రపు గౌన్లకు వెనక డోరీ ఉండేది, జిప్పులు ఇంకా రాలేదు. కానీ చంక తప్పును డోరీ దిద్దలేదు.

స్కూళ్లలో వేసే రుద్రమదేవి వేషానికైతే ఇంత టెన్షన్ వద్దు. జాకెట్టుకు ఆది సరిపోతుంది, మిగతాది కట్టే గుడ్డే.

ఇప్పటికే శాటిన్ కత్తిరించేసినవాళ్లు చంక కింద డైమండ్ ఆకారపు ముక్క వేయండి. చెయ్యి దించితే కనిపించదు. నా మొదటి బాడీకి అదే వేశాను, రిహార్సల్స్ అన్నీ దానితోనే గడిచాయి.